పందులన్నీ అమ్మేయమంటారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కోవూరు దగ్గర చిన్న పల్లె. ఇంటి వెనక దొడ్లో నాలుగు తల్లి పందులు, ఒక మగపంది, పది పిల్లలు ఉన్నాయి. మా ఆయన నెల్లూరులో హోటళ్లకు తిరిగి మిగిలిపోయిన అన్నం, కూరలు డ్రమ్ముల్లో తెచ్చి పెడతాడు. పోయిన నెలలో రెండు పందులు ఈనితే ఒక్క పిల్లా దక్కలేదు. రెండోదానికి ఒక పిల్ల బొటనవేలంత ఉండి నల్లగా ఎండిపోయింది. ఇంకోటి అరచెయ్యంత ఉంది. మూడు నిండుగా పెరిగి చచ్చిపుట్టాయి. బతికిన ఒక్కటీ వణికి వణికి మర్నాటికి పోయింది. అదే సమయంలో మా వీధిలో ఒక పిల్లాడికి జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు నయమై ఇంటికొచ్చాడు గానీ, మా పందుల వల్లే అని ఊరంతా మా మీద పడ్డారు. నెలలోగా తీసేయమన్నారు. టీవీలో నిపా అని చూపిస్తుంటే నాకూ టెన్షన్‌గా ఉంది. మాకు ఆరేళ్ల బాబున్నాడు. మా ఆడబిడ్డ ఏడో నెలతో పురిటికొచ్చి ఉంది. ఒక బేరగాడు అన్నీ కలిపి తీసుకుంటానంటున్నాడు. పందులన్నీ అమ్మేయమంటారా? పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఇప్పుడు అమ్మొద్దు. ఒక్కదాన్ని కూడా అమ్మొద్దు. మీ బతుకుదెరువు పోతుందని మాత్రమే చెప్తున్న మాట కాదిది. దొడ్లో ఏదో జబ్బు ఉందని అనుమానం ఉన్నప్పుడు, అదేంటో తేలకముందే పందుల్ని అమ్మితే ఆ జబ్బును మన చేతులతో బండెక్కించి ఇంకో ఊరికి పంపినట్టే. కొనేవాళ్లింట్లోనూ ఆరేళ్ల పిల్లలుంటారు.

ఇక ఆ చచ్చిపుట్టిన పిల్లల సంగతి. మీరు రాసిన నాలుగు వాక్యాలు మంచి పశువుల డాక్టరు రాసుకునే నోట్సులా ఉన్నాయి. ఒకే ఈతలో ఒకటి బొటనవేలంత, ఒకటి అరచెయ్యంత, కొన్ని నిండుగా ఉన్నాయంటే అవన్నీ ఒకేసారి చనిపోలేదు. పంది చూలు 114 రోజులు. చూలు మధ్యలో ఎప్పుడో వైరస్ గర్భసంచిలోకి చేరింది. ముందు ఒక పిల్లకు అంటి అది ఎండిపోయింది, కొన్నాళ్లకు పక్కదానికి పాకింది, ఆఖరికి మిగిలినవాటికి. తల్లికి మాత్రం ఏ జబ్బూ ఉన్నట్టే కనిపించదు. మేత మామూలుగా తింటుంది. ఇలా చేసే వైరస్‌లలో మెదడువాపు వైరస్ ఒకటి. దాన్నే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఆస్పత్రుల్లో జేఈ అంటారు. పార్వో అనే ఇంకో వైరస్ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. అది పందులదే, మనుషులకు రాదు. స్వైన్ ఫీవర్ వచ్చినా పందులు ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకముందే పిల్లలు పడిపోతాయి. అదీ మనకు అంటదు. బ్రూసెల్లా వైరస్ కాదు, బ్యాక్టీరియా, కానీ అది మనుషులకు అంటుతుంది. వీటిలో మీ దొడ్లో ఉన్నది ఏదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ముప్పై ఏళ్లు ఈ పని చేసిన నేనూ చెప్పలేను.

అందుకే రేపే మీ మండలం పశువుల ఆస్పత్రికి వెళ్లండి. లేదా 1962కి ఫోన్ చేయండి, బండిలో డాక్టరు వస్తారు. ఈనిన రెండు పందులకీ, మగపందికీ రక్తం తీయించండి. మగపంది వృషణాలు ఈ మధ్య ఏమైనా వాచాయేమో గుర్తు చేసుకుని ఆ మాట కూడా చెప్పండి, జేఈలో అలా జరుగుతుంది. మిగిలిన రెండు తల్లి పందుల్లో ఏదైనా చూలుతో ఉండి ఈసుకుపోతే ఆ పిండాన్నీ మావినీ ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. చేతికి మందపాటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఎత్తి, రెండు కవర్లలో కట్టి, ఐసు పెట్టిన డబ్బాలో డాక్టరుకు అందించాలి. మిగిలినదాన్ని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. కుక్కలకు వేయడం, కాలవలో పారేయడం మన పల్లెల్లో మామూలు. ఆ అలవాటు ఈ ఒక్కసారి కూడా వద్దు. ఆ పనిలో మీ ఆడబిడ్డను అసలు దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు జేఈ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ మీద పడిన నింద దాని చుట్టూనే ఉంది.

ఈ వైరస్ అసలు కాపురం పందుల్లో కాదు, కొంగల్లో, ఇతర నీటి పక్షుల్లో. వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ జాతి దోమ కొంగను కుట్టి, తర్వాత పందిని కుడుతుంది. పంది ఒంట్లో వైరస్ బాగా పెరిగి రెండు నుంచి నాలుగు రోజులు రక్తంలో తిరుగుతుంది. ఆ రోజుల్లో కుట్టిన దోమ ఒంట్లో వైరస్ పండడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత అది ఎవరిని కుడితే వాళ్లకు. మనిషి రక్తంలో వైరస్ అంతగా పెరగదు కాబట్టి మనిషి నుంచి మనిషికి రాదు. పందిని ముట్టుకుంటే రాదు. ఉడికించిన మాంసం తింటే రాదు. మధ్యలో దోమ ఉండాల్సిందే.

చాలా ఏళ్ల కిందట కందుకూరు వైపు ఒక ఊళ్లో సాయంత్రం పూట ఒక రైతు దొడ్డికి వెళ్లాను. పందికి జ్వరం చూద్దామని చెవి పట్టుకుని టార్చి వేశాను. చెవి అంచు పొడవునా, నరాలు తేలి ఉన్నచోట, నువ్వులు చల్లినట్టు దోమలు. కదిలిస్తే కొన్ని లేచాయి. కొన్ని రక్తం తాగి బరువెక్కి ఎగరలేక గోడ మీద వాలాయి. ఆ గోడకు అవతల, నాలుగడుగుల దూరంలో, నులకమంచం మీద ఇంటి పిల్లలిద్దరు పడుకుని ఉన్నారు. దోమతెర లేదు. జేఈ అన్న మాట ఎక్కడ విన్నా నాకు ముందు ఆ గోడే గుర్తొస్తుంది. అందుకే మిమ్మల్ని ముందు అడగాలనుకున్నది ఇదే: మీ బాబు రాత్రి ఎక్కడ పడుకుంటాడు?

దొడ్డికి ఆనుకున్న గదిలోనో, వెనక వసారాలోనో అయితే ఈ రాత్రి నుంచే ముందు గదికి మార్చండి. దోమతెర కట్టండి, అంచులు పరుపు కిందికి దోపండి. ఈ దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి బయటే ఎక్కువగా కుడుతుంది. కాబట్టి ఆ వేళ బాబును దొడ్లోకి పోనివ్వకండి, నిండు చేతుల చొక్కా వేయండి. వేపాకు పొగ పెట్టుకుంటే పెట్టుకోండి గానీ దాన్ని నమ్ముకుని తెర మానొద్దు.

దోమతెర కన్నా ముఖ్యమైనది టీకా. జేఈ టీకాను ప్రభుత్వం ఎంపిక చేసిన జిల్లాల్లో పిల్లలకు ఉచితంగా వేస్తుంది. తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. బాబు టీకా కార్డు తీసి మీ ఏఎన్ఎంకి చూపించండి, ‘జేఈ పడిందా?’ అని సూటిగా అడగండి. పడకపోతే ఇప్పుడు వేయించే దారి ఆమే చెబుతుంది. పిల్లల డాక్టర్ల దగ్గర కూడా ఈ టీకా దొరుకుతుంది. ఈ జబ్బుకు మందు లేదమ్మా, అందుకే టీకా గురించి ఇంతగా చెప్తున్నాను. వైరస్ సోకిన 250 మందిలో సుమారు ఒక్కరికే జబ్బు తీవ్రమవుతుంది. కానీ ఆ ఒక్కరి మెదడుకు ఎక్కితే, అలా ఎక్కిన నూరుమందిలో 30 మంది దాకా చనిపోతారు. బతికినవాళ్లలో కూడా మూడో వంతు నుంచి సగం మందికి చెయ్యో కాలో మాటో సరిగా రాకుండా పోతుంది, లేదా ఫిట్స్ ఉండిపోతాయి. మీ వీధి పిల్లాడు కోలుకుని ఇంటికి రావడం ఆ ఇంటి అదృష్టం.

ఆ పిల్లాడికి వచ్చింది జేఈయేనని ఎవరు తేల్చారు? మీరు ఉత్తరంలో ఆ మాట రాయలేదు. జ్వరం, ఫిట్స్ వచ్చిన ప్రతి పిల్లవాడికీ మెదడువాపే కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జూన్ నుంచి సెప్టెంబరు లోపల 329 మంది పిల్లలకు మెదడు జ్వరం వచ్చి 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షిస్తే అది చాందీపుర అనే వేరే వైరస్ అని తేలింది. దాన్ని మోసేది శాండ్ ఫ్లై అనే సన్నటి ఈగ, పంది కాదు. నల్లి లాంటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌లో కూడా జ్వరం మెదడుకు ఎక్కొచ్చు. దానికి మామూలు యాంటీబయాటిక్‌తో నయమవుతుంది, కానీ త్వరగా పట్టుకోవాలి. ఆ పిల్లాడి ఆస్పత్రి కాగితాల్లో జేఈ పరీక్ష చేశారా, ఏం వచ్చింది అన్నది ఆశా కార్యకర్త ద్వారా కనుక్కోండి. మీరు నేరుగా వెళ్తే గొడవ పెరగొచ్చు, ఆమెనే మాట్లాడమనండి.

మీ ఇంట్లోగానీ వీధిలోగానీ ఏ పిల్లకైనా జ్వరంతో పాటు వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మగతగా ఉండటం, పిలిస్తే పలక్కపోవడం కనిపిస్తే ఊళ్లో సూది మందు వేయించి చూద్దామని ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి.

మీ ఊరి పెద్దలకు ఈ జవాబు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. వాళ్ల భయం అబద్ధం కాదు. పందులున్న చోట వైరస్ పెరిగే మాట నిజం. కానీ మన వైపు పెన్నా కింద మొదటి కారు వరి అయ్యాక ఎడగారు అనే రెండో పంట, అది అయ్యాక మళ్లీ నాటు. ఏడాదిలో మడి ఎండి ఉండే రోజులు తక్కువ. కొంగలు లేని మడి లేదు. ఈ దోమ కిలోమీటరు పైన ఎగరగలదు. మీ పందులు పోయినంత మాత్రాన ఆ పిల్లల మంచం దగ్గరికి దోమ రాకుండా పోదు. ఊళ్లో పిల్లలందరికీ టీకా పడిందో లేదో ఒక్క రోజు కూర్చుని కార్డులు చూసుకుంటే వచ్చే మేలు, ఒక ఇంటి పందుల్ని తోలేస్తే రాదు. మీరు మీ కులం రాయలేదు, నేనూ అడగను. తరతరాలుగా పందుల్ని నమ్ముకుని బతికే ఎరుకల కుటుంబాలను ఊరి అంచుకు నెట్టి, జబ్బు రాగానే మొదటి వేలు వాళ్ల వైపే చూపించడం నా ఉద్యోగ జీవితంలో చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

అలాగని మీ వైపు చేయాల్సింది లేకపోలేదు. పందులు వీధిలో, కాలవల్లో తిరుగుతుంటే ముందు ఆ తిరుగుడు ఆపండి. దొడ్డిని ఇంటికి ఎంత దూరంగా జరపగలిగితే అంత దూరం జరపండి, మీ స్థలం ఎంతో నాకు తెలియదు. దొడ్డి నాలుగు పక్కలా కిటికీలకు కొట్టే సన్నకళ్ల నైలాన్ మెష్ కట్టండి. రొయ్యల చెరువుల మీద పక్షులు రాకుండా కట్టే పాత వలలు చవగ్గా దొరుకుతాయని చాలామంది అవి తెస్తారు. వాటి కళ్లు పెద్దవి, దోమకు అవి ద్వారాలే. మొత్తం కట్టే స్తోమత లేకపోతే పిల్ల పందులున్న గదికి ముందు కట్టండి. ఎందుకంటే ఒకసారి జేఈ వచ్చి తగ్గిన పందిలో వైరస్ మళ్లీ అలా పెరగదు. ఈని ఈని ముదిరిన తల్లి పందుల కన్నా, తల్లిపాలతో వచ్చిన రక్షణ కరిగిపోయిన మూడు నాలుగు నెలల పిల్లలే దోమకు వైరస్ నింపి ఇచ్చేవి. ఈ సంగతి తెలియక కొందరు ఉన్న పందుల్ని భయపడి అమ్మేసి, గొడవ చల్లారాక కొత్త పిల్లల్ని తెచ్చుకుంటారు. ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది. ముదురు పందులు మీ దొడ్లోనే ఉండటం మేలు.

టీవీలో చూసిన నిపాకు వస్తాను. ఈ కథ మీకు తెలియాలి, అమ్మొద్దని అంత గట్టిగా ఎందుకు చెప్పానో అర్థమవుతుంది. 1998లో మలేసియాలో పందులు పెంచేవాళ్లకు మెదడు జ్వరాలు మొదలయ్యాయి. అక్కడి ప్రభుత్వం జేఈ అనుకుని టీకాలు వేసింది, దోమల మందు కొట్టింది. తగ్గలేదు. లెక్క ఎక్కడ తప్పిందంటే, జబ్బు పడ్డవాళ్లు పిల్లలు కాదు, పందుల దగ్గర పనిచేసే పెద్దవాళ్లు. జేఈ టీకా వేయించుకున్నవాళ్లకూ వచ్చింది. అదే ఊళ్లో పందుల జోలికి పోని ఇళ్లలో రాలేదు. దోమే మోసేదైతే అందర్నీ కుట్టేది కదా! 1999 మార్చిలో అది కొత్త వైరస్ అని తేలింది, సుంగై నిపా అన్న ఊరి పేరే దానికి పెట్టారు. పండ్ల తోటల పక్కన పందుల దొడ్లు ఉండటంతో గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు పందులు తిన్నాయి. పందుల నుంచి మనుషులకు నేరుగా అంటింది. 265 మందికి వచ్చి 105 మంది చనిపోయారు. 11 లక్షల దాకా పందుల్ని చంపేశారు. జబ్బు మొదలైన చోట భయపడి రైతులు పందుల్ని తెగనమ్మితే, ఆ లారీలతో పాటే అది దక్షిణానికి పాకింది. మీ ఇంటికొచ్చిన బేరగాడి మాట చదవగానే నాకు గుర్తొచ్చినవి ఆ లారీలే.

మీ దొడ్లో ఉన్నది నిపా అనిపించే సూచన మీ ఉత్తరంలో నాకు ఒక్కటీ కనబడలేదు. నిపా వచ్చిన పందులు కుక్క మొరిగినట్టు దగ్గుతాయి. మలేసియాలో ఆ దగ్గు మైలు దూరం వినపడుతుందని చెప్పుకునేవాళ్లు. ఎగశ్వాస ఉంటుంది, కొన్నిటికి కాళ్లు తడబడతాయి. మన దేశంలో 2018లో కోళికోడ్‌లో గానీ, తర్వాత కేరళలో వచ్చినప్పుడు గానీ పందుల వల్ల రాలేదు. కానీ ముందుజాగ్రత్త తేలిక: దొడ్డి పైన గబ్బిలాలు వాలే చింతచెట్టో జామచెట్టో ఉంటే పైకప్పు వేయండి. గబ్బిలం కొరికిన మామిడి, జామ పండ్లు ఏరి పందులకు వేయకండి. నాలుగైదు పందులు ఒకేసారి అలా దగ్గితే మాత్రం దొడ్లోకి ఎవరూ పోకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

హోటల్ ఎంగిలి గురించి మీ ఆయనకు గట్టిగా చెప్పండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో అస్సాం, అరుణాచల్‌లలో అడుగుపెట్టి మన దేశంలో పాకుతోంది. మనుషులకు రాదు. కానీ దొడ్లోకి వస్తే దాదాపు అన్నీ పోతాయి. హోటల్ డ్రమ్ములో ఒక పంది మాంసం ముక్క ఉంటే చాలు. తెచ్చినదాన్ని పొయ్యి మీద పెట్టి, కలుపుతూ, మరిగే వేడి మీద గంటసేపు ఉడికించాకే పెట్టాలి. కట్టెల ఖర్చు అనుకోవద్దు. పచ్చి డ్రములు, వండిన డ్రములు వేరుగా ఉండాలి. అనుమానం వచ్చి ముందే చెప్పినవాళ్లకు, ప్రభుత్వం పందుల్ని చంపించాల్సి వస్తే పరిహారం అడిగే దారి ఉంటుంది. దాచిపెట్టినవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది.

ఫ్లూ విషయం కొంచెమే చెబుతాను. పందికి మనిషి ఫ్లూ, పక్షి ఫ్లూ రెండూ అంటగలవు. ఒకే ఒంట్లో రెండూ కలిసి కొత్త రకం పుట్టొచ్చు. 2009లో ప్రపంచమంతా తిరిగిన స్వైన్ ఫ్లూ వైరస్ అలా కలిసి పుట్టిందే. కోతలయ్యాక మన పొలాల్లోకి బాతుల మందలు దిగుతాయి కదా, వాటిని దొడ్డి దగ్గరికి రానివ్వకండి. కోళ్లను పందుల గదిలో పడుకోబెట్టకండి. మీకు జలుబు, జ్వరం ఉన్నరోజు మేత వేసే పని ఇంకొకరికి అప్పజెప్పండి.

మీ ఆడబిడ్డకు చెప్పాల్సింది వేరే ఉంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఇ వైరస్ నిండు నెలల్లో ఆడవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. అది మన దగ్గర ఎక్కువగా కలుషితమైన నీళ్లతో వస్తుంది. పందుల్లో ఉండే రకం వేరు. అయినా సరిగా ఉడకని పంది కాలేయం తిని జబ్బు పడినవాళ్లు ఇతర దేశాల్లో ఉన్నారు, జపాన్‌లో 2015 నుంచి హోటళ్లలో పచ్చి పంది మాంసం వడ్డించడమే నిషేధించారు. కాన్పు అయ్యేదాకా ఆమెకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. దొడ్డి కడిగిన నీళ్లు బోరు వైపు పారకుండా పక్కకు మళ్లించండి. కాలేయం వండితే లోపల ఎరుపు లేకుండా ఉడికించండి. దొడ్లో పని చేసి వచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే ఆమెకు అన్నం వడ్డించాలి.

బేరగాడు మళ్లీ వస్తే రక్త పరీక్ష కాగితం వచ్చాక మాట్లాడదామని చెప్పి పంపేయండి. తక్కువ ధరకైనా వెంటనే ఇమ్మని తొందరపెడితే అసలు బేరమే వద్దనండి. ఆ కాగితంలో జేఈ అనో పార్వో అనో వచ్చి, పందులన్నీ మేత బాగా తింటూ ఉంటే డాక్టరు ఒప్పుకున్నాక సంక్రాంతికి బరువొచ్చినవాటిని నిక్షేపంగా అమ్ముకోవచ్చు. బ్రూసెల్లా అని వస్తే మాత్రం ఆ రెండు తల్లుల్నీ, మగపందినీ ఏం చేయాలో డాక్టరే చెప్పాలి, ఇంట్లో అందరూ రక్త పరీక్ష చేయించుకోవాలి. కాగితం రాగానే ఫోటో తీసి నాకు పంపండి, అందులో ఏముందో మీకు అర్థమయ్యేలా మళ్లీ రాస్తాను. బాబు టీకా కార్డు ఫోటో కూడా దాంతోపాటే పంపండి.